షార్ట్ స్ట్రెచ్ కట్టు: మానని కాలి పుండ్లకు ఏళ్ల తరబడి వాడాక

చీలమండకు లోపలి వైపు, నల్లబడిన చర్మం మీద పడి నెలలైనా మానని పుండ్లకు ఈ కట్టు క్రేప్ బ్యాండేజ్ కంటే చాలా మేలు. పొద్దున కట్టిన క్రేప్ మధ్యాహ్నానికే వదులైపోతుంది. షార్ట్ స్ట్రెచ్ కట్టు ఎక్కువ సాగదు కాబట్టి నడిచేటప్పుడు పిక్క దీనికి ఒత్తుకుని రక్తాన్ని పైకి తోస్తుంది, పడుకుంటే ఒత్తిడి తగ్గుతుంది.

సిరల కవాటాలు పాడై రక్తం కిందే నిలిస్తే తెల్లకణాలు అక్కడే చిక్కుకుని ఎంజైములు వదులుతాయి. కొత్తగా పట్టే కొల్లాజెన్‌ని అవే తినేస్తాయి. వాపు తీయకుండా ఎన్ని ఆయింట్‌మెంట్లు మార్చినా దండగే.

కట్టే ముందు డాప్లర్‌తో (రక్తప్రవాహాన్ని శబ్దంగా వినిపించే పరికరం) చీలమండ బీపీని చేతి బీపీతో పోల్చి తీరాలి. చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే వచ్చే నిష్పత్తి 0.8 కంటే తగ్గితే కాలికి రక్తం సరిగా అందనట్టే, పూర్తి బిగువు వద్దు. 0.5 లోపుంటే అసలు కట్టొద్దు, రక్తనాళాల డాక్టరుకి చూపించాలి. షుగర్‌తో ధమనులు గట్టిపడితే తప్పుగా 1.3 దాటి చూపించొచ్చు. అది చూసి ధైర్యపడకూడదు, బొటనవేలి ప్రెషర్ చూడాలి.

పాదాన్ని 90 డిగ్రీల్లో ఉంచి, డ్రెస్సింగ్ మీద కాటన్ రోల్ చుట్టి, కాలి ముందువైపు ఎముక అంచున ఆ కాటన్ ఇంకో మడత వేయాలి. 10 సెం.మీ. పట్టీని వేళ్ల మొదలు నుంచి, మడమ కప్పుతూ, మోకాలికి రెండు వేళ్ల కింది దాకా సగం సగం ఎక్కిస్తూ ఒకే బిగువుతో చుట్టాలి. పిక్క లావు కాబట్టి పైన ఒత్తిడి దానంతటదే తగ్గుతుంది. అక్కడ బిగిస్తే పాదం ఉబ్బుతుంది. వేళ్లు నీలమైనా, తిమ్మిరెక్కినా, నొప్పి పెరిగినా వెంటనే విప్పేయాలి.

లోపాలూ ఉన్నాయి. మొదటి వారం వాపు చకచకా తీసి కట్టు జారుతుంది, రెండు మూడుసార్లు మళ్లీ కట్టాలి. తిరుపతి మే ఎండల్లో చెమటకు దురద తప్పదు. మంచం పట్టినవాళ్లకి పెద్దగా పనిచేయదు. దర్శనం క్యూలో గంటలు నిలబడాల్సివస్తే మడమలు ఎత్తి దించుతుండాలి. స్పర్శ పోయిన పాదాలతో, చెప్పుల్లేకుండా అలిపిరి మెట్లు మాత్రం ఎక్కొద్దు.

చీము పడుతుందని పప్పు, గుడ్డు మాన్పించేవాళ్లను చూస్తే బాధేస్తుంది. కారే రసిలోనే బోలెడు ప్రోటీన్ పోతుంది. పుండు పూడాలంటే కిలో బరువుకి రోజూ 1.25 నుంచి 1.5 గ్రాములు కావాలి. కిడ్నీ జబ్బుంటే డాక్టర్ని అడిగాకే. షుగర్ అదుపులో లేకపోతే తెల్లకణాలు క్రిములతో సరిగా పోరాడలేవు.

సరిగ్గా కట్టినా నాలుగు వారాలకి పుండు మూడో వంతైనా తగ్గకపోతే కారణం మళ్లీ వెతకాలి. అంచు లేచి గట్టిపడితే క్యాన్సరేమో చూసే బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) వాయిదా వేయొద్దు.