బోమైట్ పూత సెపరేటర్: ఏడాది వాడిన అనుభవం

లిథియం బ్యాటరీలో రెండు ఎలక్ట్రోడ్లు ఒకదానికొకటి తగలకుండా మధ్యలో ఉంచే పలుచని పొరే సెపరేటర్. హైదరాబాద్‌లోని మా చిన్న ప్రయోగశాలలో పౌచ్ సెల్స్ (మెత్తని రేకు సంచిలో అమర్చే బ్యాటరీలు) తయారీకి ఏడాదిగా రెండు రకాలు వాడుతున్నాము. రెండింటికీ ఆధారం 9 మైక్రాన్ల పాలిఇథిలీన్ పొరే. దాని మీద ఒకవైపున, ఒకదానికి అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) రేణువులతో, మరొకదానికి బోమైట్ (అల్యూమినియం ఆక్సైడ్ హైడ్రాక్సైడ్ ఖనిజం) రేణువులతో 3 మైక్రాన్ల మందాన పూత పూశారు.

అసలు ఈ పూత ఎందుకని అడిగేవారికి నేను ముందుగా ఓవెన్ చూపిస్తాను. పూత లేని ముక్కను అరచేయంత కత్తిరించి 140 డిగ్రీల సెల్సియస్ వేడిలో అరగంట ఉంచితే, పాలతెలుపు రంగులో ఉన్న పొర కరిగి, పారదర్శకంగా మారి, ముడుచుకుని చిన్న ఉండలా మిగులుతుంది. అదే పళ్లెంలో పెట్టిన పూత ముక్కలు రెండూ అంచుల్లో కాస్త లేచాయే తప్ప వాటి కొలత దాదాపు చెక్కుచెదరలేదు. సెల్ లోపల పొర అలా ముడుచుకుపోతే ఎలక్ట్రోడ్లు నేరుగా తగిలి షార్ట్ అవుతుంది కనుక, ఈ ఒక్క పరీక్షతోనే పూత విలువ తెలిసిపోతుంది.

వేడిని తట్టుకోవడంలో రెండింటి మధ్య మాకు తేడా కనిపించలేదు. తేడా అంతా కత్తి దగ్గర బయటపడింది. మోస్ కొలమానంలో అల్యూమినా కాఠిన్యం 9, బోమైట్‌ది 3 నుంచి 3.5 మాత్రమే, అందుకే అల్యూమినా రోల్ కోసేటప్పుడు బ్లేడు త్వరగా మొద్దుబారి, అంచు నూగునూగుగా తెగేది. పైగా అల్యూమినా సాంద్రత దాదాపు 4, బోమైట్‌ది 3 కావడంతో, అంతే మందానికి బోమైట్ పూత తేలికగా ఉంటుంది. బోమైట్ స్ఫటికంలోనే హైడ్రాక్సిల్ (ఆక్సిజన్, హైడ్రోజన్ కలిసిన భాగం) ఉంది కదా, ఎండబెట్టినప్పుడు నీరు వదలదా అని కొందరు సందేహిస్తారు. అది విడిపోవడానికి 400 డిగ్రీలకు పైగా వేడి కావాలి. మనం వాక్యూమ్ ఓవెన్‌లో తీయవలసింది రేణువుల పైన పట్టిన తేమనే. ఆ తేమ మిగిలితే మాత్రం ఎలక్ట్రోలైట్‌లోని లిథియం లవణంతో చర్య జరిపి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుట్టిస్తుంది కనుక, ఏ పూత అయినా రాత్రంతా ఎండబెట్టనిదే మేము వాడము.

ఇక ఫిర్యాదు ఒకటుంది. రెండో విడతగా వచ్చిన బోమైట్ రోల్‌పై పారదర్శక టేపు అంటించి లాగితే తెల్లని పొడి చారలుగా ఊడివచ్చింది. మొదటి రోల్ అలా చేయలేదు. రెండింటి వివరపత్రంలోనూ రేణువుల స్వచ్ఛత, పరిమాణం ఒక్కటే. లోపం వాటిని పట్టి ఉంచే బైండర్‌లోనో, ఎండబెట్టిన తీరులోనో ఉండాలి. పూత ఊడినచోట పొర మళ్లీ వట్టి పాలిఇథిలీనే కనుక, ఇది చిన్న లోపమని సర్దుకోలేకపోయాము. సరఫరాదారు రోల్ మార్చి ఇచ్చారు గానీ, అందుకు 6 వారాలు పట్టింది.

చిన్న ప్రయోగశాలలకు నేను బోమైట్ రకాన్నే సిఫారసు చేస్తాను, ప్రతి రోల్‌కూ టేపు పరీక్ష చేయాలన్న షరతుతో. ఒకవైపే పూత ఉన్న ముక్కలు ఎండాక చుట్టుకుపోయి, ఎలక్ట్రోడ్ల మధ్య పేర్చడానికి ఇబ్బంది పెడుతున్నాయి. అందుకని ఈసారి రెండువైపులా పూత ఉన్న బోమైట్ రోల్ తెప్పిస్తున్నాము.