క్షమాపణ ఎవరి పేరున? బానిసత్వం విషయంలో చర్చిలు ఎంచుకున్న దారులు

మా ఆదివారపు బైబిలు తరగతిలో ఈ ఏడాది ఒకే ప్రశ్న నాలుగైదు సార్లు వచ్చింది. ఎన్నడో చనిపోయినవారు బానిసలను కొని అమ్మినందుకు ఈనాటి సంఘం క్షమాపణ చెప్పాలా, చెప్పితే మాటతో సరిపోతుందా, చేతి నుంచి ఏమైనా ఇవ్వాలా అన్నది ఆ ప్రశ్న. సంఘాలు ఇంతవరకు ప్రధానంగా మూడు దారులు పట్టాయి: ఊరుకోవడం, తీర్మానం చేయడం, పాత లెక్కలు తెరిచి చెల్లించడం.

ఊరుకోవాలనేవారు తండ్రి దోషాన్ని కొడుకు మోయడన్న యెహెజ్కేలు మాటను చూపుతారు. అయితే దానియేలు, నెహెమ్యా తమ పితరుల పాపాలను కూడా తమవిగా ఒప్పుకొనే ప్రార్థించారు. పైగా తాత ఆస్తిని అనుభవిస్తూ తాత అప్పు మాత్రం ఆయనతోనే పోయిందంటే ఏ ఊరి పంచాయితీలోనూ ఆ వాదన నిలవదు. దీని గురించి ఇంతకంటే చెప్పవలసింది నాకు కనబడదు.

తీర్మానానికి వస్తే, అమెరికాలోని సదరన్ బాప్టిస్టు కన్వెన్షన్‌ను తీసుకోవచ్చు. బానిసల యజమాని మిషనరీ కావచ్చునా అన్న తగాదాలో దక్షిణాది బాప్టిస్టులు విడిపోయి 1845లో దాన్ని స్థాపించుకున్నారు. (నెల్లూరు, ఒంగోలు మిషన్లను నడిపింది ఉత్తరాది బాప్టిస్టులు, మనవాళ్లు తరచు ఈ రెంటినీ కలిపేస్తుంటారు.) నూటయాభై ఏళ్లు నిండిన 1995లో ఆ కన్వెన్షన్ ఆఫ్రికన్ అమెరికన్లందరినీ క్షమాపణ కోరింది. ఆ తీర్మానంలో చిత్తశుద్ధి లేదని నేను అనను. కాని ఆ కన్వెన్షన్‌కు చెందిన లూయీవిల్ సెమినరీ (పాస్టర్లకు శిక్షణనిచ్చే కళాశాల) తన చరిత్రను తవ్వి, స్థాపకులు నలుగురికీ కలిపి యాభై మందికి పైగా బానిసలుండేవారని ప్రకటించింది 2018లో. క్షమాపణ ముందు వచ్చి, దేనికన్న వివరం ఇరవై మూడేళ్ల తరువాత వచ్చింది. ఆ మరుసటి ఏడాది అదే ఊళ్లోని నల్లజాతివారి కళాశాలకు నిధుల్లో కొంత పంచమని అడిగితే సెమినరీ ఒప్పుకోలేదు.

నా దృష్టిలో తూకం తేల్చేది డబ్బు కాదు, చిట్టా. ఇంగ్లండు చర్చి కథ చూడండి. 1710లో క్రిస్టఫర్ కోడ్రింగ్టన్ బార్బడోస్‌లోని తన చెరకు తోటలను ఎస్పీజీ అనే సువార్త సంఘానికి రాసి చనిపోయాడు. ఆ తోటల్లోని బానిసల రొమ్ము మీద ‘సొసైటీ’ అన్న మాటను కాల్చిన ఇనుముతో వేసేవారు. ఆ ఎస్పీజీయే తరువాతి శతాబ్దంలో కడప, కర్నూలు ప్రాంతాలకు మిషనరీలను పంపింది. నంద్యాలలో దాని పేరిట హైస్కూలు నేటికీ ఉంది. ఇంగ్లండు చర్చి పాలక సభ అయిన జనరల్ సినడ్ 2006లో క్షమాపణ తీర్మానం చేసింది. చర్చి ఆస్తులను చూసే చర్చి కమిషనర్లు, పేద పాదిరీల కోసం పూర్వం పెట్టిన క్వీన్ ఆన్స్ బౌంటీ నిధి ఖాతాలను పరిశీలింపజేసి, ఆ సొమ్ము బానిసలను రవాణా చేసిన సౌత్ సీ కంపెనీలో పెట్టుబడిగా ఉండేదని బయటపెట్టి, పది కోట్ల పౌండ్లు కేటాయిస్తామన్నది 2023లో. సువార్తలోని సుంకరి జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడంటే, ఎవరి వద్ద ఎంత తీసుకున్నాడో అతనికి లెక్క తెలిసి ఉండాలి.

రోమన్ కాథలిక్కుల్లో పోపు రెండవ జాన్ పాల్ 1985లో కామెరూన్‌లో ఆఫ్రికన్లను క్షమించమని అడిగారు. అది తీర్మానం కోవలోకే వస్తుంది. నన్ను ఎక్కువగా కదిలించింది అదే చర్చికి చెందిన సన్యాసుల సభ, అమెరికా జెస్యూట్లు, తరువాత చేసిన పని. మేరీలాండ్ జెస్యూట్లు 1838లో 272 మందిని లూయీసియానా తోటలకు అమ్మారు. ఆ సొమ్ములో కొంత జార్జ్‌టౌన్ కళాశాల అప్పులకు పోయింది. విక్రయ పత్రంలో పేర్లు, వయసులు ఉన్నాయి: మొదటివాడు అరవై అయిదేళ్ల ఐజాక్, తరువాత అతని పెద్ద కొడుకు, నలభై ఏళ్ల చార్లెస్. ఆ పేర్ల ఆధారంగానే వారసులను వెదికారు, 2017లో వారి ఎదుటే క్షమాపణ కోరారు, అమ్మకం జరిపిన మల్లెడీ పేరున్న భవనానికి ఐజాక్ హాకిన్స్ పేరు పెట్టారు. 2021లో జెస్యూట్లు పది కోట్ల డాలర్ల హామీ ఇచ్చారు. ఆ డబ్బు రాక నెమ్మదిగా ఉందని మరుసటి ఏడాదే వారసుల నాయకులు బహిరంగంగా ఫిర్యాదు చేశారు కనుక ఈ దారికీ లోపాలు లేకపోలేదు. వేలాది వారసుల మధ్య సొమ్ము ఎలా పంచాలన్నది కూడా తేలికైన విషయం కాదు.

ఆ పంపకాన్ని సూటిగా చేసింది మాత్రం వర్జీనియా థియొలాజికల్ సెమినరీ. 2019లో పదిహేడు లక్షల డాలర్ల నిధి పెట్టి, తన ఆవరణలో వెట్టిగా పనిచేసినవారి కుటుంబాలను వెదికి, 2021 నుంచి చెక్కులు పంపడం మొదలుపెట్టింది. తొలి చెక్కు దాదాపు 2,100 డాలర్లు. చిన్న మొత్తమే, కాని అది ఎవరి మనుమరాలికి ఎందుకు వెళుతోందో సెమినరీ రికార్డులో రాసి ఉంటుంది.