మరమ్మతుకు వెళ్లే రోబోలు: ఎనభైల జపాన్ సైన్స్ ఫిక్షన్ యానిమే మళ్లీ చూశాక

ఎనభైల నాటి జపాన్ సైన్స్ ఫిక్షన్ యానిమేలో (జపాన్ యానిమేషన్ సినిమాలు, సిరీస్‌లలో) ఏది చూడాలని అడిగితే అందరూ ముందు 'అకిరా' పేరే చెబుతారు. నేను మాత్రం 'పాట్లేబర్'తో మొదలుపెట్టమంటాను. కొన్నేళ్లుగా కొత్తవాటికంటే ఈ పాతవే ఎక్కువగా తిప్పి తిప్పి చూస్తున్నాను. ఏవి ఇంకా నిలబడ్డాయో, ఏవి నీరసపడ్డాయో ఇప్పుడు కాస్త తేటగానే చెప్పగలను. నిలబడినవాటిలో ఒక పోలిక ఉంది. వాటిలో యంత్రం ఊరికే ఊడిపడదు. ఎవరో దాన్ని కట్టాలి, ఎవరో డబ్బు పెట్టాలి, పాడైతే ఎవరో బాగుచేయాలి. ఆ మనుషులు తెర మీద కనిపిస్తారు.

పాట్లేబర్ 1988లో వీడియో క్యాసెట్ల కోసమే తీసిన సిరీస్‌గా మొదలైంది. ఈ పద్ధతిని ఓవీఏ అంటారు. టీవీ ఛానల్ ఒప్పుకోవాల్సిన పనిలేదు, క్యాసెట్లు కొనేవాళ్లుంటే చాలు. హెడ్‌గియర్ అని పేరు పెట్టుకున్న ఐదుగురి బృందం దీన్ని రూపొందించింది, అందులో దర్శకుడు మమోరు ఒషీ ఒకరు. కథ ఇది: కట్టడాల పనికి లేబర్లు అనే భారీ రోబోలు వచ్చాయి, వాటితో నేరాలు చేసేవాళ్లూ తయారయ్యారు, కాబట్టి పోలీసులకూ రోబోలు ఇచ్చారు. ఈ పోలీసుల ఆఫీసు టోక్యో సముద్రతీరంలో, మట్టి పోసి చదును చేసిన నేల మీద, ఊరికి దూరంగా ఉంటుంది. చుట్టుపక్కల ఒక కొట్టు ఉండదు. భోజనం తెప్పించుకోవడమే ఒక ఎపిసోడ్‌కు సరిపడా సమస్య. రోబో బయటికి వెళ్లి ఏదైనా పగలగొడితే పైఅధికారులతో చీవాట్లు. దాన్ని తోముతూ, బిగిస్తూ ఉండే మెకానిక్‌లది పెద్ద సైన్యం, వాళ్ల మేస్త్రీ కోపానికి పైలట్లే భయపడతారు.

1989లో వచ్చిన పాట్లేబర్ మొదటి సినిమా ఇంకో మెట్టు పైన ఉంటుంది. ఒక ప్రోగ్రామర్ ఆత్మహత్యతో మొదలవుతుంది. అతను రాసిన కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ అప్పటికే ఊళ్లోని లేబర్లలోకి ఎక్కేసింది. ఆ తర్వాత మనిషి లేకుండానే కొన్ని వాటంతటవే రెచ్చిపోవడం మొదలుపెడతాయి. ఎత్తైన భవనాల మధ్య గాలి ఈలవేసే ధ్వనికీ దీనికీ సంబంధం ఉందని పోలీసులు ఒక్కో ముడీ విప్పుకుంటూ వెళతారు. ఇళ్లకు ఇంటర్నెట్ రాకముందే తీసిన సినిమా ఇది. ఫోన్ అప్‌డేట్ అడిగినప్పుడల్లా నాకు గుర్తొస్తుంది, అయినా 'ఓకే' నొక్కేస్తాననుకోండి. కానీ నేను మళ్లీ మళ్లీ చూసేది ఆ సస్పెన్స్ కోసం కాదు. చనిపోయినవాడు అద్దెకున్న ఇళ్లను వెతుక్కుంటూ ఇద్దరు డిటెక్టివ్‌లు కూల్చివేతకు సిద్ధంగా ఉన్న పాత టోక్యో పేటల్లో ఎండలో నడుస్తారు. మాటలు దాదాపు లేవు. కొత్త నగరం కట్టడానికి ఏ నగరం పోయిందో ఆ నడకలోనే చెప్పేశారు.

1987 నాటి 'రాయల్ స్పేస్ ఫోర్స్: ది వింగ్స్ ఆఫ్ హోన్నెయామిస్' మీద నాకున్న ప్రేమ సులువైనది కాదు. గైనాక్స్ స్టూడియో పుట్టిందే ఈ సినిమా కోసం. దర్శకుడు హిరోయుకి యమాగాకు సినిమా తీసేటప్పుడు పాతికేళ్లు కూడా నిండలేదు. అంత కుర్రాళ్ల చేతిలో 80 కోట్ల యెన్‌ల బడ్జెట్ పెట్టారు. మన భూమి కాని లోకాన్ని బట్టలు, విమానాలు, లిపి, వంటపాత్రలతో సహా కొత్తగా ఊహించి గీశారు. కథలో అంతరిక్ష దళం ఎవరూ పట్టించుకోని ప్రభుత్వ శాఖ. డబ్బుల్లేవు, పరువూ లేదు. వయసుమళ్లిన ఇంజినీర్లు, బద్ధకస్తులైన కుర్రాళ్లు కలిసి రాకెట్ కడతారు. పైవాళ్లకు అది యుద్ధం రెచ్చగొట్టడానికి పనికొచ్చే ఎర మాత్రమే. చివర్లో రాకెట్ పైకి లేస్తున్నప్పుడు దాని ఒంటి మీది మంచు పెంకులు పెంకులుగా రాలుతుంది. తర్వాత పెద్ద దర్శకుడైన హిదెయాకి అన్నో చేతిపని అది. ర్యూయిచి సకామోతో సంగీతంతో కలిపి చూస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

అయితే అదే సినిమా మధ్యలో హీరో తనకు ఆశ్రయమిచ్చిన అమ్మాయి మీద అత్యాచారానికి దిగుతాడు. ఆమె కొట్టి తప్పించుకుంటుంది. మర్నాడు క్షమాపణ చెప్పేది ఆమె! హీరో లోపలి పతనం చూపించారని సమర్థించేవాళ్ల మాటలు చాలా చదివాను. నాకు ఒక్కటీ అతకలేదు. ఎవరికైనా ఈ సినిమా చెప్పేముందు ఈ విషయం చెప్పే తీరాలి. ఆ రోజుల పనితనం ఎంత గొప్పదో, ఆడవాళ్లను చూసే కన్ను చాలాచోట్ల అంత వెకిలిది.

అదే గైనాక్స్ నుంచి 1988-89లో ఆరు భాగాలుగా వచ్చిన 'గన్‌బస్టర్'లోనూ ఆ వెకిలితనం ఉంది, స్నానాల సీన్లతో సహా. మొదటి భాగం చూసి చాలామంది ఆపేస్తారు. స్కూలు అమ్మాయిలు రోబోలెక్కి కసరత్తులు చేస్తుంటారు, ఆటల పోటీల కథలకు పేరడీలా ఉంటుంది. ఆపకండి. ఇది అన్నో దర్శకుడిగా చేసిన తొలి పని. ఇందులో యంత్రానికి కట్టే ధర కాలం. కాంతివేగానికి దగ్గరగా వెళ్లినవాళ్లకు కాలం నెమ్మదిగా గడుస్తుంది కదా, ఆ ఐన్‌స్టీన్ లెక్కనే కథకు వెన్నెముక చేశారు. హీరోయిన్ నోరికో యుద్ధానికి వెళ్లి వచ్చేసరికి తనతో చదువుకున్న కిమికో బిడ్డ తల్లి అయి ఉంటుంది. తను మాత్రం ఇంకా ఆ వయసులోనే ఉంటుంది. చివరి భాగం దాదాపు అంతా బ్లాక్ అండ్ వైట్. ముగింపు చెప్పను, పక్కన కర్చీఫ్ పెట్టుకోండి.

'మాక్రాస్' (1982-83, 36 ఎపిసోడ్లు) చూడాలంటే ఓపిక ఉండాలి. చాలా ఎపిసోడ్లలో బొమ్మలు హడావుడిగా చుట్టేసినట్టు ఉంటాయి, ముఖాలు ఒక్కో సీన్‌లో ఒక్కోలా మారిపోతాయి. కానీ దాని ఊహ చూడండి. భూమ్మీద కూలిన గ్రహాంతర నౌకను పదేళ్లు బాగుచేసి, ఎగరేసే రోజునే శత్రువు వస్తాడు. తప్పించుకోబోయి దగ్గర్లోని ఊరితో సహా ప్లూటో దగ్గర తేలతారు. ఆ జనమంతా నౌక కడుపులోనే మళ్లీ వీధులు, హోటళ్లు కట్టుకుంటారు, అందాల పోటీలు కూడా పెట్టుకుంటారు. ఇక అసలు తిరకాసు: ప్రధాన ఫిరంగి పేల్చాలంటే నౌక ఆకారం మార్చుకోవాలి, మారితే లోపలి ఊరు కూలుతుంది. 27వ ఎపిసోడ్‌తో ముగియాల్సిన కథను జనాదరణ చూసి సాగదీశారు. మిగతా తొమ్మిదీ మానేసినా నష్టం లేదు. 1984 సినిమా రూపం కళ్లు చెదిరేలా ఉంటుంది గానీ, నాకు నచ్చిన ఆ ఊరి సందడి అందులో తగ్గిపోయింది. హక్కుల గొడవ 2021 దాకా తేలకపోవడంతో జపాన్ బయట మాక్రాస్ సరిగ్గా దొరకనే లేదు. చాలా దేశాల్లో జనం చూసింది మరో రెండు సిరీస్‌లతో కలిపి కుట్టిన 1985 నాటి 'రోబోటెక్'ను.

అకిరా (1988) గొప్పతనం గురించి కొత్తగా చెప్పేదేముంది? మాటలను ముందే రికార్డు చేసి వాటికి తగ్గట్టు పెదాలు గీశారు, జపాన్‌లో అది అరుదు. బైకుల వెనక ఎర్ర లైట్లు గీతలుగా సాగే ఆ రాత్రులను ఎవరూ మరిచిపోరు. కానీ ఈ సినిమాకు మూలమైన, దర్శకుడు కత్సుహిరో ఒతోమోనే గీస్తున్న కామిక్ పూర్తయింది 1990లో. సినిమా రెండో సగం ఇరుకుగా ఉండటానికి అదొక కారణమని నా అనుమానం. అందుకే దీన్ని బొమ్మల కోసం చూస్తాను, మనుషుల కోసం కాదు.

చూసేవాళ్లకు కొన్ని మాటలు. టీవీలో 'మోషన్ స్మూతింగ్' ఆపేయండి. చేతితో గీసిన బొమ్మల మధ్య టీవీ తన సొంత బొమ్మలు ఇరికిస్తే అంతా సబ్బునీళ్లలా జారిపోతుంది. టీవీ సిరీస్‌లను, ఓవీఏలను పక్కల నల్ల పట్టీలతోనే చూడండి. ఒక స్ట్రీమింగ్ యాప్‌లో పైనా కిందా కోసి వెడల్పు చేసిన ప్రింట్ తగిలింది, సగం సీన్లలో నుదుళ్లే లేవు. తెలుగు డబ్బింగ్ ఈ పాతవాటికి నాకెక్కడా కనబడలేదు, ఇంగ్లిష్ సబ్‌టైటిల్సే గతి. వాటిలోనూ పాత తర్జుమాలు అధ్వానంగా ఉంటాయి, వీలైతే రీమాస్టర్ చేసిన బ్లూరే చూసుకోండి.

ప్రస్తుతం 'వోటమ్స్' (1983-84, 52 ఎపిసోడ్లు) చూస్తున్నాను. ఇందులో హీరోకి ప్రత్యేకమైన రోబో లేదు. నాలుగు మీటర్లయినా లేని, ఫ్యాక్టరీలో గుట్టలుగా పోసిన సరుకు అది. పాడైతే అక్కడే వదిలేసి ఇంకోటి ఎక్కుతాడు. పాత సామాన్ల మార్కెట్‌లో విడిభాగాల బేరం జరిగే సీన్ దాకా వచ్చాను. కథ నత్తనడకే, అయినా ఆపబుద్ధి కావడం లేదు.