ఎలుకలు పట్టే పిల్లికి ఏది మేలు: నిండు గిన్నె, ఖాళీ కడుపు, కొలిచిన తిండి?

ఎలుకల బెడదతో పిల్లిని తెచ్చుకున్న ఇళ్లలో దాని తిండి విషయంలో రెండు పద్ధతులు కనిపిస్తాయి. కొందరు గిన్నెలో పొడి ఆహారపు గుళికలు ఎప్పుడూ తరగకుండా చూస్తారు. ఎంత కావాలో పిల్లికే తెలుసు, మనం కొలవడం దేనికని వాళ్ల ధీమా. మరికొందరు కడుపు నిండిన పిల్లి ఎలుకల వంక చూడదన్న నమ్మకంతో దాన్ని అర్ధాకలితో ఉంచుతారు. నేను ఈ రెంటిలో దేన్నీ సమర్థించను. అయితే రెండో పద్ధతి చేసే హాని పెద్దది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

పిల్లి వేటకూ ఆకలికీ మనం అనుకునేంత గట్టి ముడి లేదు. 1976లో రాబర్ట్ అడమెక్ అనే పరిశోధకుడు ఇష్టమైన తిండి తింటున్న పిల్లుల ముందుకు ఎలుకను వదిలి చూశాడు. అవి తిండి మధ్యలో ఆపేసి వెళ్లి ఎలుకను చంపాయి. దాన్ని నోట కరుచుకుని గిన్నె దగ్గరికి తెచ్చాయి. ఆ తర్వాత ఎలుకను పక్కన పడేసి మళ్లీ గిన్నెలోని తిండే తిన్నాయి! పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని మనవాళ్లు ఊరికే అనలేదు. చిన్న చిన్న జంతువులను పట్టి బతికే ప్రాణి అది. పన్నిన మాటుల్లో చాలావరకు వృథా అవుతాయి. నకనకలాడేదాకా ఆగి అప్పుడు వేటకు బయలుదేరితే బతుకు గడవదు. అందుకే కదులుతున్న తోక కనబడితే చాలు, కడుపులో ఏమున్నా పంజా లేస్తుంది.

పైగా ఎలుకలతోనే పిల్లి కడుపు నింపుకోవాలంటే ఎన్ని కావాలి? ఇంట్లో తిరిగే చిట్టెలుక బరువు సుమారు 20 గ్రాములు. దాన్నుంచి వచ్చేది ఇంచుమించు 30 కిలోక్యాలరీలు. నాలుగు కిలోల పిల్లికి రోజుకు 200 నుంచి 240 కిలోక్యాలరీలు పడతాయి. అంటే రోజుకు ఏడెనిమిది ఎలుకలు, అదీ విరామం లేకుండా ఏడాది పొడవునా దొరకాలి. ఏ ఇంట్లోనైనా అన్ని ఎలుకలు ఉంటే వాటి పని పట్టడం ఒక్క పిల్లి వల్ల అయ్యేది కాదు. తిండి పెట్టని పిల్లి ఇంటిని కాపలా కాయడం మానేసి, చెత్తకుండీలు వెతుక్కుంటూ దూరాలు తిరగడం మొదలుపెడుతుంది.

ఇక నిండు గిన్నె సంగతి. పొడి గుళికల్లో 100 గ్రాములకు 350 నుంచి 400 కిలోక్యాలరీలు ఉంటాయి. నాలుగు కిలోల పిల్లికి రోజంతటికీ 55 నుంచి 60 గ్రాములు సరిపోతాయి. ఒకసారి వంటింటి కాటా మీద తూచి గిన్నెలో పోసి చూడండి. గిన్నె అడుగు కప్పి కాస్త పైకి వస్తుందంతే. ఇంతేనా అనిపిస్తుంది, చేయి ఇంకో పిడికెడు తీయబోతుంది. పిల్లి లావెక్కేది సరిగ్గా అక్కడే. ఎనిమిది గ్రాముల గుళికలు ఒక ఎలుకతో సమానం. కప్పుతో కొలిచి పోసేటప్పుడు ఎనిమిది గ్రాములు అటూ ఇటూ కావడం మామూలే. ‘మా పిల్లి ఎలుకలు తిని బలిసింది’ అనేవాళ్లు ఒకసారి గిన్నె వైపు చూడాలి. చాలా పిల్లులు చంపిన ఎలుకను తినకుండా వదిలేస్తాయి కూడా.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన పిల్లికి నిండు గిన్నె మరీ ప్రమాదం. ఆపరేషన్ తర్వాత దానికి కావలసిన శక్తి దాదాపు పావు వంతు తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. అలాంటి పిల్లి ముందు తరగని గిన్నె పెట్టి, నీ హద్దు నువ్వే తెలుసుకోమనడం న్యాయం కాదు.

కాబట్టి కొలిచిన తిండే మేలు. అయితే కొలిచినదంతా ఒక్కసారే పెట్టడం కూడా పిల్లి తీరుకు సరిపడదు. స్వేచ్ఛగా బతికే పిల్లి రోజంతా కొద్దికొద్దిగా పది పన్నెండు సార్లయినా తింటుంది. ఇంట్లో అన్నిసార్లు కుదరదు గానీ నాలుగైదు విడతలు కష్టమేమీ కాదు. రోజుకు సరిపడా తిండి పొద్దున్నే తూచి డబ్బాలో పోసి పక్కన పెట్టండి. ఇంట్లో ఎవరు పెట్టినా ఆ డబ్బాలోంచే పెట్టాలి. ఒకరు పెట్టారని తెలియక ఇంకొకరు పెట్టే బాధ దీంతో పోతుంది. ఇంటి సభ్యులందరినీ ఏమార్చి నాలుగు పూటలూ తినగల నటన పిల్లికి పుట్టుకతో వస్తుంది మరి! ఎలుకను తిన్న రోజు గిన్నెలో కొంత మిగిల్చితే బతిమాలి తినిపించకుండా తీసేయండి. అంతకు మించి లెక్కలు అక్కర్లేదు.

పొడి ఆహారమా, తడి ఆహారమా అన్నది తర్వాతి ప్రశ్న. బరువు తగ్గాల్సిన పిల్లికైతే నేను డబ్బాల్లో, ప్యాకెట్లలో ముద్దగా దొరికే తడి ఆహారం వైపే మొగ్గుతాను. ఎలుక ఒంట్లో మూడింట రెండు వంతులు నీరే. తడి ఆహారంలో ఆ పాళ్లు 75 నుంచి 80 శాతం దాకా ఉంటాయి, గుళికల్లో పదో వంతుకు అటూ ఇటూ. పిల్లి స్వతహాగా నీళ్లు తక్కువ తాగే జంతువు, తిండిలోంచే చాలావరకు రాబట్టుకుంటుంది. అన్నే క్యాలరీలకు తడి ఆహారం నాలుగైదు రెట్ల బరువు తూగుతుంది కాబట్టి కడుపు నిండినట్టుంటుంది. స్వేచ్ఛగా వేటాడే పిల్లుల తిండిని లెక్కగట్టినప్పుడు శక్తిలో సగం మాంసకృత్తుల నుంచి, మిగతాదంతా దాదాపు కొవ్వు నుంచి వస్తున్నట్టు తేలింది. పిండి పదార్థాల వాటా రెండు శాతమే. గుళికల తయారీకి పిండి పదార్థం తప్పనిసరి కాబట్టి వాటిలో అది ఎంతో ఎక్కువ. చెడకుండా నిలవుండటం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు పెట్టి వెళ్లగలగడం గుళికల సుగుణాలు. రెండూ కలిపి పెట్టినా తప్పులేదు, రెంటి క్యాలరీలూ కలిపి లెక్క చూసుకుంటే చాలు.

ఇంట్లో వండిన మాంసం మాత్రమే పెడతామంటే దానికి ఒక చిక్కుంది. పిల్లికి టారిన్ అనే పోషకం తిండి ద్వారా అందాల్సిందే. అది కొరవడితే గుండె కండరం బలహీనపడుతుందని 1987లో తేలింది, చూపు కూడా దెబ్బతింటుంది. ఉడికించిన నీళ్లు పారబోస్తే టారిన్ కొంత వాటితోనే పోతుంది. ఎముకలు లేని మాంసంలో కాల్షియం కూడా చాలదు. కుక్కల ఆహారంలోనూ పిల్లికి కావలసినంత టారిన్ ఉండకపోవచ్చు కాబట్టి దాంతో సరిపెట్టడం కూడా పనికిరాదు.

ఇక్కడో తమాషా ఉంది. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం 2021లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, మాంసం పాళ్లు ఎక్కువున్న ఆహారం పెట్టిన పిల్లులు ఇంటికి తెచ్చే వేట 36 శాతం తగ్గింది. రోజూ ఐదు పది నిమిషాలు ఆడించినా 25 శాతం తగ్గింది. తిండిని లోపల దాచి పిల్లి చేత తీయించే పజిల్ బొమ్మలు వాడినప్పుడు మాత్రం 33 శాతం పెరిగింది. పక్షులను కాపాడాలనుకునేవారికి మంచి ఆహారం, ఆట శుభవార్తలే. ఎలుకలు పోవాలనుకునేవారికి లెక్క తిరగబడుతుంది. అయినా వేట తగ్గుతుందని నాసిరకం తిండి పెట్టమని నేను చెప్పను. గుళికలు ఎలాగూ పెడుతుంటే వాటిని పజిల్ బొమ్మలో వేయండి. పిల్లి తీరిగ్గా తింటుంది, కాస్త కదులుతుంది, వేట తగ్గే భయమూ లేదు. గోడల్లో కన్నాలు మూయడం ఎలాగూ మన పనే.

పిల్లి ఉన్న ఇంట్లో ఎలుకల మందు పెట్టకూడదు. బ్రోడిఫాకమ్, బ్రోమాడయోలోన్ వంటివి తిన్న ఎలుక వెంటనే చావదు. మందకొడిగా తిరుగుతూ పిల్లికి సులువుగా చిక్కుతుంది. దాన్ని తిన్న పిల్లికి కొన్ని రోజుల తర్వాత లోపల రక్తస్రావం మొదలుకావచ్చు. విటమిన్ కె1తో చికిత్స ఉంది, కానీ వేళకు వైద్యుడి దగ్గరికి చేరాలి. ఎలుకల ద్వారా బద్దె పురుగులు కూడా వస్తాయి కాబట్టి వేటాడే పిల్లికి నులిపురుగుల మందు ఎన్నాళ్లకోసారి వేయాలో పశువైద్యుడిని అడగాలి.

మీ పిల్లి అసలు లావుగా ఉందా? చూపు కంటే చేతిని నమ్మండి. వేళ్లు పక్కటెముకల మీద మెల్లగా జార్చితే ఒక్కో ఎముకా పల్చటి పొర కింద తెలియాలి. నొక్కితే గానీ తెలియకపోతే లావున్నట్టే. పైనుంచి చూస్తే నడుం కాస్త సన్నబడాలి. పొట్ట కింద వెనక కాళ్ల దగ్గర వేలాడే చర్మపు సంచిని చూసి కంగారు పడకండి, అది బక్క పిల్లులకూ ఉంటుంది.

బరువు తగ్గించడంలో తొందర పనికిరాదు. వారానికి ఒంటి బరువులో ఒక శాతం తగ్గితే చాలు. ఆరు కిలోల పిల్లికి అది 60 గ్రాములు, నాలుగున్నర కిలోలకు దిగడానికి ఆరు నెలలు. లావుపాటి పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే ఒంట్లో కొవ్వు ఒక్కసారిగా కాలేయానికి చేరి ప్రాణం మీదికి రావచ్చు. కొత్త ఆహారాన్ని ముట్టకపోతే, ఆకలేస్తే అదే తింటుందని మొండికేయకుండా పాతదాన్ని కలిపి పెట్టండి. మీరేమీ తగ్గించకుండానే వయసు మళ్లిన పిల్లి బరువు తగ్గుతుంటే మాత్రం సంబరపడకండి. థైరాయిడ్, మూత్రపిండాలు, మధుమేహం, వీటిలో ఏదో ఉందేమో పరీక్ష చేయించాలి.