జాగ్వార్ ఎక్స్‌జే-ఎస్ కొనేవాళ్ళు జాగ్రత్త, ఎంఓటీ అక్కర్లేదన్నంత మాత్రాన కారు బాగున్నట్టు కాదు

యూకేలో పాత జాగ్వార్ ఎక్స్‌జే-ఎస్ కోసం వెతుకుతున్న మనవాళ్ళందరికీ చెప్తున్నా, ఇది చదివాకే అడ్వాన్స్ కట్టండి. కవెంట్రీ, వార్విక్ వైపు ఉండేవాళ్ళకి మరీ మరీ చెప్తున్నా, ఎందుకంటే కవెంట్రీలో బ్రౌన్స్ లేన్ ఫ్యాక్టరీలో 1975 నుంచి 1996 దాకా తయారైన కారు ఇది, ఆ చుట్టుపక్కల అమ్మకానికి తరచూ కనిపిస్తుంటుంది, చూడగానే మనసు లాగేస్తుంది.

మేం తీసుకున్నది 1984 కూపే, 5.3 లీటర్ల వీ12 హెచ్ఈ ఇంజన్, అంటే వీ ఆకారంలో పన్నెండు సిలిండర్లు. క్లాసిక్ కార్లు అమ్మే డీలర్ దగ్గర కొన్నాం, పేరు రాయట్లేదు. యాడ్‌లో అన్నిటికన్నా పైన రాసింది ఏంటంటే రోడ్ ట్యాక్స్ లేదు, ఎంఓటీ (కారు రోడ్డు మీదకి పనికొస్తుందో లేదో ఏటా చూసే టెస్ట్) అక్కర్లేదు అని. రెండూ నిజమే, 1985 జనవరి కంటే ముందు తయారైన కార్లకి 2025 ఏప్రిల్ నుంచి ట్యాక్స్ లేదు, 40 ఏళ్ళు దాటి పెద్ద మార్పులేవీ చెయ్యని కారుకి ఏటా టెస్ట్ తప్పనిసరి కాదు. కానీ కొనేవాళ్ళకి దీనర్థం ఏంటంటే ఈ మధ్య ఆ కారు కిందకి వెళ్ళి ఎవరూ చూసి ఉండకపోవచ్చు అని. పైగా కండిషన్ ప్రమాదకరంగా ఉన్న కారు రోడ్డెక్కిస్తే 2,500 పౌండ్ల దాకా ఫైన్, లైసెన్స్ మీద 3 పాయింట్లు, అది మినహాయింపు ఉన్న కారుకి కూడా వర్తిస్తుంది.

ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నంబర్ కొడితే పాత ఎంఓటీ రికార్డ్ ఫ్రీగా వస్తుంది. మా కారు ఆఖరి టెస్ట్‌లో వెనక రేడియస్ ఆర్మ్ (వెనక సస్పెన్షన్‌ని కారు బాడీకి పట్టి ఉంచే కడ్డీ) బిగించే చోట తుప్పు ఉందని రాసుంది, అదే డీలర్‌ని అడిగాం కూడా. అదంతా కోసేసి కొత్త రేకు వెల్డ్ చేయించాం, బిల్లు ఫైల్‌లో పెట్టి ఇస్తాం అన్నాడు. తీరా ఫైల్ చేతికొచ్చాక చూస్తే బిల్లులో ఒకే ఒక్క లైను, వెనక భాగం సరిచేశాం అని, ఏ వైపు చేశారో లేదు, ఫోటోలు లేవు, ఎన్ని గంటల పనో లేదు.

ఇంటికి తెచ్చుకున్న కొద్ది రోజులకే యాక్సిలరేటర్ నొక్కినప్పుడల్లా వెనక నుంచి టక్ టక్ మని శబ్దం, బ్రేక్ వేస్తే కారు వెనక భాగం ఓ పక్కకి జరిగినట్టు అనిపించడం. జాగ్వార్‌లు మాత్రమే చేసే ఒక మెకానిక్ దగ్గర ర్యాంప్ ఎక్కించాం. కింద అంతా నల్లగా కొత్త అండర్‌సీల్ (తుప్పు పట్టకుండా కారు కింద పూసే పూత) నిగనిగలాడుతోంది, ఆయన వెనక చక్రం ముందు ఫ్లోర్ అంచున రేడియస్ ఆర్మ్ తగిలే చోట స్క్రూడ్రైవర్ మొన పెట్టి కొంచెం నొక్కాడు, తడిసిన అట్టలో దిగినట్టు పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే తుప్పు పొడి, దాంతోపాటు ఫైబర్‌గ్లాస్ పోగులు. రేకు వెయ్యలేదు, కన్నం పూడ్చి పైన నలుపు కొట్టేశారు. వెనక సస్పెన్షన్ ముందుకీ వెనక్కీ కదలకుండా పట్టుకునేదే ఆ ఆర్మ్, మోటర్‌వే మీద అది ఊడొచ్చి ఉంటే ఏమయ్యేదో తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది, వెనక సీట్లో పిల్లలు కూర్చునేవాళ్ళు.

ఇంకోటి, ఈ మోడల్‌కి వెనక బ్రేక్ డిస్కులు చక్రాల దగ్గర ఉండవు, మధ్యలో డిఫరెన్షియల్‌ని (ఇంజన్ శక్తిని రెండు వెనక చక్రాలకీ పంచే గేర్ల పెట్టె) ఆనుకుని ఉంటాయి. డిఫరెన్షియల్ సీల్ కారితే ఆయిల్ నేరుగా డిస్కుల మీద పడుతుంది, అవి మార్చాలంటే మామూలుగా వెనక సస్పెన్షన్ మొత్తం కిందకి దింపాల్సిందే, అందుకే చాలామంది ఆ పని వాయిదా వేస్తూ పోతారు. మా కారుకి ఎడమ డిస్క్ మీద ఆయిల్ మరకలు స్పష్టంగా కనిపించాయి.

ఇంజన్ సంగతి ఇంకా భయం. వీ ఆకారం మధ్యలో పెట్రోల్ రబ్బరు పైపులు ఉంటాయి, అక్కడ వేడి విపరీతం, 2021 సెప్టెంబర్ నుంచి బంకుల్లో మామూలు పెట్రోల్ ఈ10 (10 శాతం దాకా ఇథనాల్ కలిసినది) అయ్యాక పాత రబ్బరు ఇంకా త్వరగా పాడవుతోంది. మా కారువి వేలితో వంచితే పగుళ్ళు విచ్చుకున్నాయి, వాటి పక్కనే మండిపోయే ఇంజన్. ఈ కార్లు తగలబడటానికి ఇదొక పెద్ద కారణం. కొన్నవెంటనే ఆ పైపులన్నీ మార్పించండి, అమ్మేవాడు మార్పించాం అన్నా సరే మార్పించండి, ఇథనాల్ తక్కువుండే ఈ5 పెట్రోలే పోయించండి. రేడియేటర్ కూడా చూడండి, దాని ముందున్న ఏసీ కండెన్సర్ మధ్యలో ఆకులూ మట్టీ పేరుకుపోతాయి, ఈ వీ12 ఒకసారి బాగా వేడెక్కిందంటే వాల్వ్ సీట్లు (లోపల వాల్వ్‌లు ఆనే రింగులు) ఊడతాయి, అక్కడితో ఇంజన్ అయిపోయినట్టే. టెస్ట్ డ్రైవ్ అయ్యాక కనీసం పావుగంట ఇంజన్ ఆపకుండా ఉంచి టెంపరేచర్ ముల్లు ఎటు పోతోందో చూడండి.

అసలు డబ్బు కట్టకముందే స్వచ్ఛందంగా ఎంఓటీ చేయించమని అడగండి, ఫీజు 54.85 పౌండ్లు మించదు. అయితే టెస్ట్ చేసేవాళ్ళు భాగాలు విప్పరు, అండర్‌సీల్ గీకరు, కాబట్టి అది పాసైనా ఈ కార్లు తెలిసిన మెకానిక్‌తో ర్యాంప్ మీద చూపించాల్సిందే, డీలర్ వద్దంటే ఆ కారు వదిలేయండి.

మా వరకు, 2015 కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ కింద 30 రోజుల్లోపు కారు వద్దని రాతపూర్వకంగా ఇచ్చాం. ఉన్నది ఉన్నట్టు అమ్మాం అని డీలర్ వాదించాడు, డీలర్ అమ్మినప్పుడు ఆ మాట చెల్లదు. ప్రైవేట్‌గానో వేలంలోనో కొంటే మాత్రం ఈ రక్షణ ఇంతలా ఉండదు, గుర్తుపెట్టుకోండి. మాకు కలిసొచ్చింది అడ్వాన్స్ క్రెడిట్ కార్డ్ మీద కట్టడం, కారు ధర 30,000 పౌండ్లలోపు ఉంటే కొంచెమే కార్డ్ మీద కట్టినా సెక్షన్ 75 అనే చట్ట నిబంధన కింద మొత్తానికి కార్డ్ కంపెనీని క్లెయిమ్ చెయ్యొచ్చు. మెకానిక్ రిపోర్టూ, ఫోటోలూ పెట్టాక డబ్బు వచ్చింది, కారు డీలర్ పట్టుకుపోయాడు.

ఇప్పుడు ఆ కారు మళ్ళీ అమ్మకానికి వచ్చింది, తుప్పు గురించి ఒక్క ముక్క లేదు. ముదురు ఎరుపు 1984 కూపే, బిస్కెట్ రంగు లెదర్, డ్రైవర్ సీటు అంచున చిన్న చిరుగు. మిడ్‌లాండ్స్‌లో అలాంటిది కనిపిస్తే, వెనక చక్రాల ముందు ఫ్లోర్ గీకి చూడనిదే ఒక్క పౌండ్ కూడా ఇవ్వకండి.