కార్క్ వలిచే గొడ్డలి ‘మషాద’: కొనేవారు చూడాల్సింది రెండు కొసలూ

చెట్టును నరకడానికైతే పదునున్న గొడ్డలి ఏదైనా సరిపోతుంది. పోర్చుగల్ దక్షిణాన అలెంతేజు ప్రాంతపు ‘మొంతాదు’ల్లో, అంటే కార్క్ ఓక్ తోపుల్లో, బెరడు వలిచే మషాద సంగతి వేరు. దీనికి రెండు కొసలూ పనిచేయాలి. ఒక కొసన నెలవంకలా వంగిన వెడల్పాటి ఇనుప రేకు ఉంటుంది. రెండో కొసన కామనే, అంటే కర్ర పిడినే, ఉలిమొనలా ఏటవాలుగా చెక్కి ఉంచుతారు. బెరడును కోసేది రేకు, మాను నుంచి ఊడదీసేది కామ. కొనేవారు చాలామంది రేకును మాత్రం వేలితో తడిమి చూసి తృప్తి పడతారు. రెండో కొస సరిగ్గా లేకపోయినా చెట్టుకు దెబ్బే.

సీసా బిరడా, షటిల్ కాక్ అడుగు, క్రికెట్ బంతి లోపలి గుండు, అన్నిటికీ ముడిసరుకు ఈ చెట్టు బెరడే. ప్రపంచంలో దొరికే కార్క్‌లో దాదాపు సగం పోర్చుగల్‌దే. వలిచిన చెట్టు మళ్లీ బెరడు కట్టుకుంటుంది. అందుకు కారణం బెరడు అడుగున ఉండే సజీవమైన పొర. దాన్ని తల్లిపొర అందాం. మే నెల మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా అందులో కణాలు చురుగ్గా విభజన చెందుతాయి కాబట్టి బెరడు తేలిగ్గా విడిపోతుంది. మళ్లీ వలిచే నాటికి తొమ్మిదేళ్లు పెరిగిన బెరడు మందం సుమారు 3 సెంటీమీటర్లు. అంటే గొడ్డలి దెబ్బ ఆ 3 సెంటీమీటర్లలోపే ఆగాలి. మషాద మంచిదో కాదో తేల్చేది ఈ ఒక్క లెక్కే.

మొదటి గాటు నిలువుగా, బెరడు మీద సహజంగా ఉన్న లోతైన పగులు వెంట పడాలి. రేకు దిగాక దాన్ని కొద్దిగా మెలితిప్పుతారు. అప్పుడు చెవి పెట్టి వినాలి. గుల్లగా, చిరుగుతున్నట్టు చప్పుడొస్తే బెరడు ఊడుతుంది. పొట్టిగా, పొడిగా, గట్టిగా మోగితే ఆ చెట్టు ఈరోజు ఇవ్వనంటోందని అర్థం. బలవంతం చేయకుండా పక్క చెట్టుకు పోవాలి. అక్కడి చలికాలపు వానలు సరిగా పడని ఏడాది, వేడిగాలి వీచే రోజు ఇలా ఎక్కువగా జరుగుతుంది. రేకు మరీ మందంగా ఉంటే మెలితిప్పేటప్పుడు పగులు అంచులు నలిగిపోయి ఈ చప్పుడు సరిగా తెలియదు. అందుకే రేకు పలచగా, బిగువుగా ఉన్నది ఎంచుకోవాలి.

తర్వాత ఊడదీసే బెరడు పలక పొడవు తేల్చే అడ్డగాటు పెడతారు. అనుభవం లేని చేయి ఎక్కువగా తప్పేది ఇక్కడే. నిలువు గాటుకు పగులు దారి చూపిస్తుంది, అడ్డగాటుకు చూపించేదేమీ లేదు. మొండిబారిన రేకుతో ఒకే చోట మూడు నాలుగు దెబ్బలు వేస్తే వాటిలో ఒకటి తప్పక లోపలికి దిగుతుంది. పదునురాయి నడుముకు కట్టుకుని పనిచేయడం మంచిది.

ఇక కామ వంతు. చెక్కిన మొనను బెరడుకూ మానుకూ మధ్య దూర్చి, మెల్లగా ఎత్తుతూ పలకను ఊడదీస్తారు. మొన మొద్దుగా ఉంటే లోపలికి పోదు. మరీ సూదిగా ఉంటే తల్లిపొరను గీకుతుంది. అంచులు నున్నగా అరగదీసి ఉండాలి. పలక చిరగకుండా మొత్తంగా వస్తేనే ధర. బిరడా వ్యాసం 24 మిల్లీమీటర్లు కాబట్టి అంతకంటే కాస్త మందమైన పలకే బిరడాకు పనికొస్తుంది. ముక్కలైతే పొడిచేసి అంటించే సరుకులోకి పోతాయి. పలక వచ్చాక చెట్టు మొదలు దగ్గర అంటుకున్న ముక్కలనూ తట్టి తీసేయాలి, పురుగులకు అవి ఆశ్రయం.

గాటు తల్లిపొరకు దిగితే ఆ చోట మళ్లీ సరైన కార్క్ రాదు. గాయం మానిన చోట మాను గడ్డలు కడుతుంది. తర్వాతి కోతలో పలక అక్కడే చిరుగుతుంది. అంతకంటే ప్రమాదం, డిప్లోడియా కార్టికోలా వంటి శిలీంధ్రాలు అదే దారిన లోపలికి పోవడం. మన్యంలో తపసి బంక తీసేవారికి ఇది కొత్తగా అనిపించదు. లోతుగా నరికిన తపసి చెట్టు కూడా ఇలాగే చిక్కిపోతుంది. జబ్బున్న చెట్టు వలిచాక రేకునూ కామ మొననూ శుభ్రం చేసి, క్రిమిసంహారకం పూశాకే మరో చెట్టుకు పోవాలి. కర్ర కామ తడి పీల్చుకుంటుంది కాబట్టి దాన్ని మరచిపోకూడదు.

బెరడు మందాన్ని విద్యుత్ సెన్సార్‌తో పసిగట్టి ఆగే కోత యంత్రాలు వచ్చాయి. అడ్డగాటు విషయంలో అవి నిజంగా మేలు. కొత్తవారి చేతిలో మషాద కంటే అవే సురక్షితం అంటాం. కానీ పలకను ఎత్తే పని యంత్రం చేయదు, చెట్టు కొమ్మెక్కి పనిచేసేటప్పుడు బరువు. పాత మనిషికి మషాదే చాలు.

ఎంత మంచి గొడ్డలైనా తోపును కాపాడలేని సందర్భాలున్నాయి. డిస్క్ నాగలితో దున్ని వేర్లు తెంపిన చోట, ఫైటోఫ్తోరా సిన్నమోమి అనే సూక్ష్మజీవి వేర్లను కుళ్లబెట్టిన చోట, ఆకులు పలచబడిన చెట్టును వలవకుండా వదిలేయడమే సరైన పని.

కొన్న గొడ్డలితో పాటు కొలత టేపు ఒకటి తప్పనిసరి. పోర్చుగల్ చట్టం ప్రకారం, నేల నుంచి 1.30 మీటర్ల ఎత్తున బెరడుతో కలిపి చుట్టుకొలత 70 సెంటీమీటర్లు చేరేదాకా తొలి వలుపు లేదు. వలిచే ఎత్తు తొలిసారి ఆ చుట్టుకొలతకు 2 రెట్లు, రెండోసారి 2.5 రెట్లు, ఆ తర్వాత 3 రెట్లు మించకూడదు. మీటరు చుట్టుకొలత ఉన్న ముదురు మాను 3 మీటర్ల దాకానే. రెండు వలుపుల మధ్య కనీసం 9 ఏళ్లు. అందుకే పని ముగిశాక వలిచిన ఏడాది చివరి అంకెను మాను మీద తెల్ల రంగుతో రాస్తారు. 2025లో వలిచిన చెట్టుకు 5. దానికి మళ్లీ గొడ్డలి తాకేది 2034లో.