మూడేళ్లు వాడాక తెలిసినది: నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్‌పై నా సమీక్ష

చెవులను పూర్తిగా కప్పే నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్‌ను మూడేళ్లుగా దాదాపు ప్రతిరోజూ వాడుతున్నాను. కొన్న కొత్తలో సంపూర్ణ నిశ్శబ్దాన్ని ఆశించాను, అది దొరకలేదు.

ఇందులోని మైక్రోఫోన్లు బయటి శబ్దాన్ని గ్రహిస్తే, స్పీకరు దానికి సరిగ్గా వ్యతిరేకమైన తరంగాన్ని పుట్టించి దాన్ని అణచివేస్తుంది. ఈ సూత్రానికి జర్మనీకి చెందిన పాల్ లూగ్ 1936లోనే అమెరికాలో పేటెంటు పొందాడు. విమానం ఇంజను హోరు, ఏసీ రొద వంటి ఎడతెగని మంద్రధ్వనులు స్విచ్చి వేయగానే చాలావరకు అణగిపోతాయి. సుమారు 1000 హెర్ట్జ్ (సెకనుకు వెయ్యి కంపనాలు) దాటిన హెచ్చుస్థాయి ధ్వనుల దగ్గర మాత్రం, తరంగదైర్ఘ్యం తక్కువ కావడం వల్ల, అతి స్వల్పమైన ఆలస్యం కూడా లెక్క తప్పిస్తుంది. అందుకే పసిపిల్లల ఏడుపు, పక్కవారి మాటలు వినిపిస్తూనే ఉంటాయి. పైగా హోరు తగ్గేసరికి ఆ మాటలే మరింత స్పష్టంగా చెవిన పడతాయి, వద్దనుకున్నా సరే!

ఆ హెచ్చుస్థాయి ధ్వనులను కొంతవరకైనా ఆపే పని చెవుల చుట్టూ ఆనుకునే మెత్తలది, అంటే ఇయర్‌ప్యాడ్లది. రెండో ఏడు చివర్లో రొద మళ్లీ వినిపించడం మొదలైతే, సాఫ్ట్‌వేర్ అప్‌డేటే దీన్ని పాడుచేసిందని చాలా రోజులు తిట్టుకున్నాను. తీరా చూస్తే ప్యాడ్ల పైతొడుగు పగిలి, లోపలి ఫోమ్ అణిగిపోయి, చెవి చుట్టూ సందు ఏర్పడింది. కొత్త ప్యాడ్లు వేయగానే మొదటి రోజుల పనితనం తిరిగి వచ్చింది. మందపాటి కమ్మీలున్న కళ్లద్దాలూ అలాంటి సందునే చేస్తాయి కాబట్టి, నేను సన్నని కమ్మీలకు మారాను.

నాకు దక్కిన అసలు లాభం వాల్యూమ్ తగ్గడం. పెద్దలు వారానికి 40 గంటలు వినేటట్లయితే శబ్దం 80 డెసిబెళ్లు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. అక్కడి నుంచి 3 డెసిబెళ్లు పెరిగినప్పుడల్లా వినదగిన సమయం సగమవుతుంది. మునుపు బస్సు రొదను మించి వినపడాలని వాల్యూమ్ చివరిదాకా పెంచేవాణ్ణి, ఇప్పుడు సగం కూడా అవసరం పడటం లేదు.

లోపాలూ ఉన్నాయి. నిశ్శబ్దమైన గదిలో సన్నని బుసలాంటి శబ్దం వినిపిస్తుంది, గాలి మైక్రోఫోన్లకు తగిలితే బరబరమంటుంది, మొదట్లో చెవులు బిగిసినట్లు కూడా అనిపించేది. రోడ్డు మీద నడిచేటప్పుడు నాయిస్ క్యాన్సిలింగ్‌ను పూర్తిగా ఆపేస్తాను. బ్యాటరీ కొంత నీరసించినా రోజు గడుస్తోంది. ప్యాడ్లను మాత్రం ఈ నెలలో రెండోసారి మార్చాను.